కొంబూచా, జింజర్ బీర్ సీసాలు ఎలా శానిటైజ్ చేసుకోవాలి? బెజవాడ వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మా వంటగట్టు మీద ఏడాది పొడవునా రెండు గాజు జాడీలు ఉంటాయి. ఒకదాంట్లో పంచదార టీని పులియబెట్టి చేసే కొంబూచా, ఇంకోదాంట్లో జింజర్ బీర్ కోసం పులియబెట్టే అల్లం, పంచదార నీళ్లు. స్కోబీ (కొంబూచాని పులియబెట్టే జిగురు పొర) ముక్క పట్టుకెళ్లడానికి వచ్చేవాళ్లు, పై ఫ్లాటువాళ్లు, గుంటూరు బ్రాడీపేట నుంచి ఫోన్ చేసే మా పిన్ని కూతురు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే: "సీసాలు దేంతో కడగాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

సుత్తి లేకుండా చెప్పండి. ఏ పద్ధతి మంచిది?

గాజుకీ స్టీలుకీ ఇడ్లీ పాత్రలో ఆవిరి. ప్లాస్టిక్కుకీ గొట్టాలకీ శానిటైజ్ చేసే మందు. కుళాయి ఉన్న జాడీ అయితే ముందు కుళాయి ఊడదీయండి, తర్వాత మాట్లాడుకుందాం.

చాలామంది "ఏ మందు కొనాలి" దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ఆ వస్తువు వేడికి తట్టుకుంటుందా లేదా అని చూస్తాను. తట్టుకుంటే మందు జోలికే పోను. మన ఇళ్లలో వాడే వాటిలో ముప్పాతిక వంతు తట్టుకునేవే.

కడగడం, శానిటైజ్ చేయడం ఒకటే కదా?

కాదండీ. కడిగితే మురికి పోతుంది. శానిటైజ్ చేస్తే, మురికి పోయాక కూడా మిగిలిన సూక్ష్మజీవుల్లో చాలా భాగం చస్తాయి. ఈ వరస మార్చకూడదు. జిడ్డు మీద ఎంత ఖరీదైన మందు పోసినా పై పొర తడుస్తుంది, కింద ఉన్నవి హాయిగా ఉంటాయి.

ఇది నాకు ఒక కుళాయి నేర్పింది. మొదట్లో కుళాయి ఉన్న గాజు డిస్పెన్సర్‌లో కొంబూచా పెట్టేవాణ్ని. ప్రతిసారీ జాడీని మెరిసేలా తోమి, మరిగిన నీళ్లతో తొలిచి, కుళాయి తిప్పి అందులోంచి కూడా వేడినీళ్లు వదిలేవాణ్ని. అయినా వరసగా మూడు విడతలు ఒకటే వాసన, ఆరని గుడ్డ వాసన. స్కోబీ మార్చాను, టీ పొడి మార్చాను, పంచదార మార్చాను. చివరికి ఒక ఆదివారం విసుగెత్తి కుళాయి మర విప్పాను. రెండు వాషర్ల మధ్య గోరంత మందాన గోధుమరంగు జిగురు. వేలికి అంటుకుని తీగలా సాగింది. వేడినీళ్లు దాని పక్కనుంచి పోయాయే గానీ, దాన్ని కదిలించలేదు. సూక్ష్మజీవులు గుంపుగా చేరి తమ చుట్టూ తామే అల్లుకునే పొర అది, బయోఫిల్మ్ అంటారు. దాన్ని గీకి తీయాల్సిందే.

ఆ రోజు నుంచి నాకు కుళాయి జాడీలంటే పడదు. గరిటెతో ముంచుకుంటాను.

మరి దేంతో కడగాలి? గిన్నెలు తోమే సబ్బు చాలదా?

కొత్త సీసాకీ, పెద్దగా మరకలు లేని సీసాకీ చాలు. కాకపోతే నిమ్మవాసన సబ్బులు ప్లాస్టిక్కుకి పట్టుకుని వదలవు. వాసన తక్కువున్నది చూసుకోండి.

అడుగున ఎండిపోయిన ఈస్టు, టీ కరుడు ఉంటే సబ్బుతో తేలదు. బట్టల సోడా, అంటే వాషింగ్ సోడా, లీటరు వేడినీళ్లకి ఒక చెంచా వేసి రాత్రంతా నానబెట్టండి. చేతికి తొడుగు వేసుకోండి, చర్మం మండుతుంది. అల్యూమినియం గిన్నెలో మాత్రం కలపొద్దు, నల్లబడుతుంది. ఆన్‌లైన్‌లో సోడియం పెర్కార్బనేట్ అని దొరుకుతుంది. అది ఇంకా మేలు. నీళ్లలో కలిస్తే సోడాగానూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ విడిపోయి, బుడగలతో మరకని ఎత్తేస్తుంది. వేడినీళ్లలోనే దాని ప్రతాపం.

లోపల తెల్లటి పొర పట్టిందంటే అది మీ బోరు నీళ్ల ఉప్పు. దానికి సోడా పనిచేయదు, పులుపు కావాలి. నిమ్మ ఉప్పు ఒక చెంచా వేడినీళ్లలో కలిపి పోసి అరగంట ఉంచండి. ఆ పొర గరుకుగా ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులకి మంచి ఆసరా. అది పోయాకే మిగతాదంతా.

సీసాలకి పొడుగు బ్రష్ వాడండి. స్టీలు పీచు ప్లాస్టిక్కు మీద వాడితే గీతలు పడతాయి, ఆ గీతల్లోకి ఏ మందూ సరిగా పోదు.

ఇడ్లీ పాత్రలో ఎలా? కొంచెం వివరంగా చెప్పండి.

దీని గురించి ఎంతసేపైనా చెబుతాను.

ఇడ్లీ రేకులు తీసేయండి. అడుగున రెండంగుళాల నీళ్లు పోసి, చిల్లుల పళ్లెం పెట్టండి. దాని మీద సీసాలు మూతి కిందకి పెట్టి బోర్లించండి. ఆవిరి పైకి లేచి సీసాలోకి దూరాలి కదా. సీసాలు పెట్టాకే పొయ్యి వెలిగించండి. చల్లగా మొదలైతే గాజూ నీళ్లూ కలిసి వేడెక్కుతాయి, పగిలే భయం ఉండదు. మూత సందులోంచి ఆవిరి బలంగా తన్నడం మొదలయ్యాక గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు. పొయ్యి ఆపాక మూత తీయకండి. గోరువెచ్చగా అయ్యేదాకా అలాగే ఉంచితే బయటి గాలీ దుమ్మూ తగలకుండా చల్లారతాయి. పట్కారుతో తీసి, అదే ఆవిరిలో ఉడికిన పళ్లెం మీద బోర్లించుకోండి.

పొడుగు సీసాలు ఇడ్లీ పాత్రలో పట్టవు. వాటికి పెద్ద బిర్యానీ గిన్నె, పైన సరిపోయే మూత. గరాటు, స్టీలు గరిటె, వడపోత జల్లెడ కూడా ఖాళీల్లో సర్దేయండి. స్వింగ్ టాప్ (తీగతో బిగించే మూత ఉన్న) సీసాలకుండే రబ్బరు వాషర్లు మాత్రం ఊడదీసి విడిగా పెట్టండి. వాటి కిందే ఎప్పుడూ నల్లటి గీత ఒకటి కనబడుతుంది.

మరిగే నీళ్లలో ముంచినా ఫలితం అదే, పది నిమిషాలు చాలు. కానీ బోరు నీళ్లతో మరిగిస్తే సీసా నిండా మళ్లీ ఆ తెల్ల పొర. పైగా అన్ని నీళ్లు మరగాలంటే గ్యాసు ఖర్చు. ఇంకో సంగతి, మన బెజవాడ, గుంటూరు సముద్రమట్టానికి దాదాపు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అరకులో చేస్తే మూడు డిగ్రీల దాకా తగ్గుతుంది, ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచుకోవాలి.

మరిగే నీళ్లు పోయగానే సీసా టప్పుమని పగిలింది. ఎందుకు?

మామూలు గాజు ఒక్కసారిగా వచ్చే వేడి తేడాని తట్టుకోలేదు. లోపలి వైపు వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది, మధ్యలో చీలుతుంది. నల్లరాతి గట్టు మీద పెట్టి పోస్తే ఇంకా త్వరగా పగులుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లు, తర్వాత వేడివి, కింద మడత పెట్టిన గుడ్డ. బోరోసిలికేట్ గాజు అయితే తట్టుకుంటుంది గానీ, ఊరగాయ సీసాలు, పాత జ్యూస్ సీసాలు ఆ రకం కావు.

ప్రెషర్ కుక్కర్‌లో పెడితే ఇంకా మంచిది కదా?

అక్కర్లేదు. కుక్కర్‌లో పూర్తి పీడనం దగ్గర 121 డిగ్రీల దాకా వెళ్తుంది, అక్కడ సూక్ష్మజీవుల మొండి బీజాలు కూడా చస్తాయి. దాన్ని స్టెరిలైజ్ చేయడం అంటారు, ల్యాబుల్లో చేసేది అదే. కొంబూచా బాగా పులిసే పానీయం. పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కన్నా తక్కువున్న చోట ఆ బీజాలు మొలకెత్తి విషం తయారు చేయలేవు. మన పనికి ఆవిరి చాలు. గాజు సీసాలు కుక్కర్‌లో పెట్టి, తొందరపడి చేత్తో విజిల్ ఎత్తితే లోపల పగిలే ప్రమాదం ఒకటి.

గీజర్ నీళ్లు?

స్నానానికి బాగుంటాయి.

ఎండలో పెడితే చాలని మా అమ్మ అంటుంది. రోహిణి కార్తె ఎండకి ఏం బతుకుతుంది?

రోళ్లు పగిలే ఎండే, కాదనను. అయినా గాజు సీసా లోపలికి వచ్చేసరికి ఎండలో సూక్ష్మజీవుల్ని బాగా చంపే అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగం గాజు దగ్గరే ఆగిపోతుంది. వేడి చూస్తే, మేడ మీద పెట్టిన సీసా చేయి కాలేంత అవుతుంది గానీ మరిగే నీళ్ల దరిదాపుల్లోకి రాదు. ఎండ వల్ల జరిగే మంచి ఏమిటంటే తడి పూర్తిగా ఆరడం. తడి లేని చోట బూజు లేవదు. కాబట్టి వాడకం అయ్యాక దాచిపెట్టే ముందు ఎండబెట్టండి. వాడే ముందు ఆవిరి పట్టండి. అమ్మ మాటా దక్కుతుంది, కొంబూచా కూడా దక్కుతుంది.

ఆవకాయ జాడీకి కూడా ఇదే పద్ధతా?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఆవకాయకి శత్రువు తడి. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, మామిడి పులుపు కలిసి సూక్ష్మజీవులకి నీళ్లు అందకుండా చేస్తాయి. అందులోకి రెండు చెంచాల నీళ్లు దిగితే ఆ కోటలో కంత పడ్డట్టే. అందుకే మా అమ్మమ్మ జాడీని కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, నిప్పుల మీద ఇంగువ వేసి ఆ పొగ మీద జాడీ బోర్లించేది. ఆ పొగ వాసన జాడీ గోడలకి పట్టుకుని, మొదటి ముద్దలో తెలిసేది. ఆ పొగకి ఎన్ని క్రిములు చస్తాయో గానీ, జాడీ లోపల చివరి తడి ఆరిపోవడం మాత్రం ఖాయం.

కొంబూచా సంగతి వేరు. అది నీళ్ల పానీయం. సీసా లోపల తడి ఉన్నా పర్వాలేదు, ఆ తడి శుభ్రమైనదైతే చాలు. ఆరబెట్టాలని తువ్వాలు పెట్టి లోపల తుడిస్తే, చేసిన పనంతా ఆ తువ్వాలుతో పోయినట్టే.

జాడీ గురించే ఇంకో మాట. లోపలి మెరుపు పూత సన్నగా వెంట్రుకల్లా చీలిపోయిన పాత జాడీలు కొంబూచాకి వాడకండి. ఆ చీలికల్లో ఏముందో కనబడదు, పులుపుకి పూతలోంచి సీసం లాంటివి దిగే ప్రమాదం కూడా ఉంది.

తరవాణి కుండకి ఎవరు శానిటైజర్ పోశారండీ? పెద్దవాళ్లు ఇవన్నీ చేశారా?

ఈ ప్రశ్న అడిగినాయనకి డెబ్బై ఏళ్లు దాటాయి, అందుకని వినయంగానే జవాబు చెప్పాను. తరవాణి కుండలో ప్రతిరోజూ కొత్త గంజి పడేది, ప్రతిరోజూ వాడకం అయ్యేది. అప్పటికే బలంగా ఉన్న పులుపు, కొత్తగా వచ్చినవాటిని బతకనిచ్చేది కాదు. తోడు వేసిన పెరుగులా అన్నమాట. కుండని మడిగా ఒక మూల పెట్టి, దాని మీద అందరి చేతులూ పడనివ్వకపోవడం కూడా ఒక పద్ధతే. పాడైన రోజున పారబోసి కొత్త కుండ తెచ్చేవాళ్లు, ఆ సంగతి కథల్లో చెప్పరు.

మనం చేసేది వేరు. కొంబూచాని సీసాలో పోసి, మూత బిగించి, నాలుగు రోజులు బయట వదిలేస్తాం. అందులో దారి తప్పిన ఈస్టు ఉంటే దానికి పంచదారా ఉంది, టైమూ ఉంది.

ఇంట్లో ఉండే బ్లీచ్ వాడొచ్చా?

వాడొచ్చు, లెక్క తప్పకుండా. సువాసన కలపని, చిక్కదనం కోసం ఏమీ కలపని సోడియం హైపోక్లోరైట్ అయి ఉండాలి. లేబుల్ మీద 4 శాతం అని ఉంటే లీటరు చల్లటి నీళ్లకి ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు. దాంతో దాదాపు 200 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 200 పాళ్లు) క్లోరిన్ వస్తుంది. పది నిమిషాలు నానబెట్టి, కాచి చల్లార్చిన నీళ్లతో రెండు మూడుసార్లు తొలవండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అనుకోకండి, కడగడం కష్టం అవుతుంది, అంతే.

ఆ తొలవడం ఎందుకంటే, క్లోరిన్ మిగిలితే టీలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలతో కలిసి మందులషాపు వాసన వస్తుంది. గాయానికి వేసే ప్లాస్టర్ పట్టీ వాసన చూశారా, అలా. ఇసుమంత ఉన్నా నాలుక పట్టేస్తుంది. బీరు చేసేవాళ్లకి ప్రపంచమంతా ఇదే ఫిర్యాదు.

మూడు జాగ్రత్తలు గట్టిగా చెబుతాను. బ్లీచ్‌లో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గానీ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నిమ్మ ఉప్పుతో తెల్లపొర తీసి, కడగకుండా వెంటనే బ్లీచ్ పోసినా ఇదే జరుగుతుంది. స్టీలు పాత్రలని బ్లీచ్ నీళ్లలో రాత్రంతా వదిలితే సూదిమొన చుక్కలు పడతాయి. ఇక బ్లీచ్ మన వేసవికి త్వరగా నీరసిస్తుంది. బాల్కనీలో రెండు ఎండాకాలాలు చూసిన డబ్బాలో లేబుల్ మీద ఉన్న శాతం ఉండదు. తయారీ తేదీ చూసి కొనండి, నీడలో పెట్టండి, కలిపిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే పారబోయండి.

ఏ మందునీ కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచొద్దు. ఇంట్లో పిల్లలుంటే ఇది వేరే చెప్పాలా?

మున్సిపాలిటీవాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరో?

అది కాలవలకి. సున్నంతో కలిసి ఉంటుంది, సీసాలో తెల్లగా పేరుకుంటుంది, పాళ్లు తేల్చడం ఇంట్లో అయ్యే పని కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. అప్పుడు మునిగిన జాడీలు, సీసాలు అటక మీద పెట్టేశాం. ఇప్పుడు వాడొచ్చా?

సింగ్ నగర్ వైపు బంధువుల ఇల్లు కడగడానికి వెళ్లాను కాబట్టి ఆ బురద వాసన నాకు తెలుసు. అందులో డ్రైనేజీ నీళ్లు కలిశాయి. గాజు, స్టీలు అయితే పనికొస్తాయి. సబ్బుతో తోమి, పైన చెప్పిన బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, కడిగి, ఆ తర్వాత ఆవిరి కూడా పట్టండి. ఇక్కడ ఒకటి చాలదు, రెండూ చేయాలి. ప్లాస్టిక్ డబ్బాలు, రబ్బరు వాషర్లు, గొట్టాలు, చెక్క గరిటెలు, బిరడాలు, పూత చీలిన జాడీలు పారేయండి. అప్పుడు మూత పెట్టి ఉన్న సీసాలో సరుకు ఏదైనా మిగిలి ఉంటే, మూత ఎంత గట్టిగా ఉన్నా సరే, అదీ పారేయాలి. మూత మరల్లోకి నీళ్లు చేరతాయి.

కడిగే పనిలేని మందులు ఉంటాయట. అవేంటి?

బీరు ఇంట్లో చేసుకునే దేశాల్లో ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి స్టార్ సాన్ లాంటి ఆమ్లపు మందు. ఫాస్ఫారిక్ ఆమ్లం, నురగ తెప్పించే ఇంకో పదార్థం కలిపి చేస్తారు. 19 లీటర్ల నీళ్లకి 30 మిల్లీలీటర్లు, అంటే లీటరుకి ఒకటిన్నర మిల్లీలీటరు పైచిలుకు. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజితో కొలవండి, చెంచాలతో అంచనా కుదరదు. ఒకటి రెండు నిమిషాలు తడిస్తే చాలు, వంపేసి వెంటనే వాడుకోవచ్చు. నురగ మిగిలినా భయం లేదు. బోరు నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడి నీరసపడుతుంది. క్యాన్ నీళ్లు గానీ ఆర్‌ఓ నీళ్లు గానీ వాడండి. పీహెచ్ 3 కన్నా తక్కువున్నంత కాలం దాని పని అది చేస్తుంది. పీహెచ్ కాగితం ముక్కతో చూసుకోవచ్చు.

రెండోది ఐయోడోఫోర్, అంటే అయోడిన్ మందు. 12.5 పీపీఎం దగ్గర రెండు నిమిషాలు ఉంచితే కడగకుండా వాడొచ్చు, ఆరిపోవాలి అంతే. పలచటి టీ డికాషన్ రంగులో ఉంటుంది. ఆ రంగు పోయిందంటే మందు బలం కూడా పోయినట్టే, ఇది నాకు నచ్చే గుణం. ప్లాస్టిక్ గొట్టాలకి పసుపు మరక పడుతుంది, ఇది నచ్చని గుణం.

ఆవిరికి తట్టుకోని గొట్టాలూ ప్లాస్టిక్ కుళాయిలూ రెండు మూడు ఉన్నవాళ్లకి ఇవి బంగారం. ఒక గాజు జాడీ, నాలుగు సీసాలు ఉన్నవాళ్లకి దండగ.

అయితే గాయాలకి రాసే అయోడిన్ మందు పలచగా చేసి వాడితే?

వద్దు. అందులో అయోడిన్‌తో పాటు ఇంకేవేవో కలుపుతారు, తిండి గిన్నెలకి తయారు చేసింది కాదు.

కరోనా టైములో కొన్న శానిటైజర్ ఐదు లీటర్లు మిగిలిపోయింది.

జెల్ అయితే, సువాసన ఉంటే చేతులకే. సర్జికల్ షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. స్ప్రే సీసాలో పోసుకుంటే మూతి అంచులు, మూతలు, కుళాయి నోరు, కత్తెర లాంటివాటికి చాలా బాగుంటుంది. చల్లి ఆరనివ్వాలి. 99 శాతం కన్నా 70 శాతమే బాగా పనిచేస్తుంది. ఆ నీళ్ల సాయంతోనే ఆల్కహాల్ లోపలికి చొరబడి ప్రోటీన్లని విరగ్గొడుతుంది. వెలుగుతున్న పొయ్యి దగ్గర మాత్రం స్ప్రే కొట్టకండి. మంట కనబడేలోపే అంటుకుంటుంది.

అప్పుడే కొన్న యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టె గురించి కూడా అడుగుతారు. నీడ పడ్డ చోట అది పనిచేయదు. సీసా లోపలంతా నీడే.

వెనిగర్‌తో తొలిస్తే చాలని వీడియోల్లో చెబుతున్నారు.

స్కోబీకి పులుపు అలవాటు కాబట్టి, ఆఖరున తెల్ల వెనిగర్‌తో తొలిస్తే దానికి హాని లేదు. కానీ వెనిగర్‌ని నమ్ముకుని ఆవిరి మానేయకండి. ఈస్టుల్లో, బూజుల్లో చాలావాటికి అది పెద్ద లెక్క కాదు. పచ్చి వెనిగర్, అంటే అడుగున మడ్డి ఉండే యాపిల్ సిడార్ వెనిగర్ అసలు వద్దు. అందులో దాని సొంత సూక్ష్మజీవులు బతికే ఉంటాయి.

స్క్వాష్‌లో వేసే కె.ఎం.ఎస్. పొడి?

పొటాషియం మెటాబైసల్ఫైట్. మామిడి స్క్వాష్ పాడవకుండా చేసేది అదే. పులుపు తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది, దానికి సూక్ష్మజీవులు అణిగి ఉంటాయి గానీ అన్నీ చావవు. గిన్నెలో మిగిలితే మీ ఈస్టు కూడా అణుగుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆ ఘాటు మంచిది కాదు. నా ఓటు పడదు.

రాగి బిందె, ఇత్తడి కుళాయి ఉన్న పాత్ర, అల్యూమినియం గిన్నె. వీటిని ఎలా శానిటైజ్ చేయాలి?

వీటిలో పులుపు పానీయం పెట్టకూడదు, కాబట్టి ప్రశ్నే లేదు. పులుపుకి లోహం కరిగి పానీయంలోకి దిగుతుంది. గాజు లేదా మంచి స్టీలు.

జాడీ మీద కట్టే గుడ్డ సంగతి?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. పదిహేను నిమిషాలు మరిగించి, ఆరేసి, వేడి ఇస్త్రీ పెట్టండి. గుడ్డ నేత దగ్గరగా ఉండాలి. పాత పంచె ముక్క రెండు మడతలు వేస్తే సరిపోతుంది. పలచటి జాలీ గుడ్డ కడితే మామిడిపళ్ల రోజుల్లో చిన్న ఈగలు అందులోంచి దూరిపోతాయి. ఆ ఈగలు కాళ్లకి ఎక్కడెక్కడి ఈస్టులో, బ్యాక్టీరియాలో మోసుకొస్తాయి. ఒకసారి గుడ్డ కిందవైపు బియ్యపు నూక కన్నా సన్నటి పురుగులు చూశాక రబ్బరు బ్యాండు రెండు చుట్లు బిగించడం అలవాటైంది.

శానిటైజ్ చేసిన సీసాని ఆఖరున కుళాయి నీళ్లతో కడగొచ్చా? మాది కృష్ణా నీళ్లే, క్లోరిన్ కలిపి వదులుతారు.

కార్పొరేషన్ వదిలేటప్పుడు క్లోరిన్ ఉంటుంది, నిజమే. ఆ నీళ్లు మీ అపార్ట్‌మెంటు సంపులో దిగి, పంపుతో మేడ మీది ట్యాంకుకి ఎక్కి, ఎండలో ఉడికి, మీ కుళాయికి వచ్చేసరికి ఆ క్లోరిన్ ఎంత మిగులుతుంది? మా ట్యాంకు కడిగిన రోజున అడుగున దిగిన పచ్చటి బురద చూశాను. అప్పటి నుంచి ఆఖరి తొలుపుకి కాచి చల్లార్చిన నీళ్లే. కాచిన నీళ్లు కూడా మూత పెట్టిన గిన్నెలోనే చల్లారాలి.

ముందురోజే శానిటైజ్ చేసి ఉంచుకోవచ్చా?

ఆవిరి పట్టిన సీసా మూతికి వేడి మీదే రేకు చుట్టేస్తే మర్నాటికి వాడొచ్చు. తెరిచి బోర్లించిన సీసా అయితే ఆ పూటే.

కొంబూచా మీద బూజు వచ్చింది. సీసా కూడా పారేయాలా?

ముందు అది బూజేనా చూడండి. బూజు పైనే ఉంటుంది, పొడిగా, దూదిలా, తెల్లగానో పచ్చగానో నల్లగానో. కింద వేలాడే గోధుమరంగు పోగులు ఈస్టు, అవి మామూలే. ముడతలు పడ్డ పలచటి తెల్ల పొర కామ్ ఈస్టు కావచ్చు, అది విషం కాదు గానీ రుచి చెడుతుంది.

బూజే అయితే పానీయం, స్కోబీ అన్నీ చెత్తబుట్టకి. పై ముక్క తీసేసి కింది ముక్క దాచుకుందామనే ఆశ వద్దు. గుడ్డ, ప్లాస్టిక్ గొట్టం కూడా పారేయండి. గాజు జాడీ మాత్రం సోడాతో కడిగి, ఆవిరి పట్టి మళ్లీ వాడుకోవచ్చు. తర్వాతి విడతలో పాత కొంబూచా కనీసం పదో వంతు కలపండి. మొదటి రోజు నుంచే పులుపు ఉంటే బూజుకి చోటు దొరకదు. వారం లోపల పీహెచ్ 4.2 కన్నా కిందకి దిగిందో లేదో చూసుకోండి. సీసాలు ఎంత తోమినా ఇది తప్పితే లాభం లేదు.

ఇదే పద్ధతిలో ఇంట్లో బీరు, వైన్ చేసుకోవచ్చా?

శుభ్రత పద్ధతి ఒకటే. చట్టం ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కొంబూచాలో, జింజర్ బీర్‌లో కూడా ఎక్కువ రోజులు వదిలితే ఆల్కహాల్ పెరుగుతుంది. కాబట్టి తొందరగా ఫ్రిజ్‌లో పెట్టేయండి.

అన్నీ చెప్పినట్టే చేశాను. అయినా మే నెలలో జింజర్ బీర్ సీసా తెరిస్తే ఫౌంటెన్‌లా చిమ్మి పైకప్పుకి తగిలింది. శానిటైజేషన్ లోపమా?

రెండు కారణాలు ఉండొచ్చు. నాలుగు సీసాల్లో ఒక్కటే అలా పొంగితే ఆ సీసాలో ఏదో మిగిలి ఉందని అర్థం. టార్చి లైటు వేసి అడుగున మూలలు చూడండి, మూత వాషర్ తీసి చూడండి. నాలుగూ పొంగితే మీ తప్పు కడగడంలో లేదు, వేడిలో ఉంది. జనవరిలో మూడు రోజులు పట్టేది మేలో ఒక్క రోజులో అయిపోతుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదకి రావడం మనం చూడనిదా?

వేసవిలో నేను ఒక సీసా ప్లాస్టిక్‌ది నింపుతాను, కూల్‌డ్రింకు ఖాళీ సీసా, మందుతో శానిటైజ్ చేసింది. మిగతావి గాజువి. ప్లాస్టిక్ సీసాని పూటకోసారి నొక్కి చూస్తాను. రాయిలా గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. పోయిన మే నెలలో ఒకరోజు పొద్దున ఆరింటికి మూతలు బిగించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నొక్కితే వేలు దిగలేదు.